అంగారకుడి మీది బండి, నాయన అట్టలు

ధర్మవరంలో చీరలు నేసేవాళ్లు వీధి వీధినా ఉంటారు. చీర మీద పువ్వు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో మగ్గానికి చెప్పేవాళ్లు మాత్రం కొద్దిమందే. మా నాయన ఆ కొద్దిమందిలో ఒకడు. ఆయన పని అట్టలు కొట్టడం.

మగ్గం పైన జకార్డు అనే పెట్టె ఉంటుంది. చిల్లులున్న అట్టలు ఒకదాని వెనక ఒకటి గొలుసులాగా దాని మీదుగా తిరుగుతాయి. చిల్లు ఉన్నచోట కొక్కెం దారాన్ని పైకి లేపుతుంది, లేనిచోట లేపదు. ఇట్లా కొన్ని వందల అట్టలు తిరిగేసరికి కొంగు మీద ఒక మామిడిపిందె, దాని చుట్టూ ఒక తీగ కనిపిస్తాయి. డిజైను గీసేవాళ్లు గళ్ల కాగితం మీద రంగు వేసి ఇస్తారు. రంగు ఉన్న గడికి ఒక చిల్లు, ఖాళీ గడికి ఏమీ లేదు. ఆ కాగితాన్ని గడిగడిగా చదివి అట్టల్లోకి దించడం నాయన పని. మిషను మా ముందుగదిలోనే ఉండేది. వేళ్లతో మీటలు నొక్కిపట్టి, కాలితో ఒక తొక్కు తొక్కితే ఒక వరస చిల్లులు పడేవి. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు పోయే గంట తప్ప పగలంతా మా ఇంట్లో ఆ టకటకే. నాయన కొట్టిన అట్టలను వరస తప్పకుండా దారంతో కుట్టడం అమ్మ పని, నా పని.

నేను నలుగురిలో మాట్లాడే పిల్లను కాదు. ఎవరైనా వస్తే వంటింట్లోకి పోయి, వాళ్లు పోయేదాకా చేతిలో చాట పట్టుకుని నిలబడేదాన్ని. చెప్పాలనుకున్నవన్నీ రాసుకునేదాన్ని. వాడేసి పక్కన పడేసిన గళ్ల కాగితాల వెనకవైపు ఖాళీగా ఉంటుంది కదా, వాటిని మడిచి, అట్టలు కుట్టే దారంతోనే కుట్టి పుస్తకం చేసుకున్నాను. అవే నా డైరీలు. వాటిని ఎవరూ చదవలేదు, చదవాలని ఎవరికీ అనిపించనూ లేదు.

తొంభై ఏడులో, నేను హైస్కూల్లో ఉన్నప్పుడు, పత్రికలో ఒక చిన్న బండి బొమ్మ వచ్చింది. ఆరు చక్రాలు, పైన ఒక పలక, చుట్టూ రాళ్లు. అంగారకుడి మీద దిగిందట. గాలి నింపిన సంచుల మధ్య పెట్టి పైనుంచి వదిలితే, ఎగిరెగిరి పడి, ఆగి, తెరుచుకుని, లోపలి నుంచి ఈ బండి బయటికి వచ్చిందట. కుట్టుమిషను మీద మూసే చెక్కపెట్టె ఎంత ఉంటుందో అంతే ఉంది. ఆ వార్తను అమ్మకూ నాయనకూ చదివి వినిపించాను. ఇంట్లో నేను గొంతు విప్పేది చదివి వినిపించేటప్పుడే.

అమ్మ అట్టలు కుడుతూ, "ఆడ మనుషులే లేరంటావు. మరి దాన్ని తోలేదెవరు?" అంది.

"ఈడి నుంచే తోలతారంట."

"ఈడి నుంచి ఎట్ల తోలతారే? తాడు కట్టినారా?"

నాకు తెలిసినంత చెప్పాను. ఇక్కడి నుంచి మాట పంపితే అక్కడికి చేరడానికే చాలా నిమిషాలు పడతాయి. అందుకని ఎవరూ స్టీరింగు పట్టుకుని తోలినట్టు తోలలేరు. రేపు ఏం చేయాలో అంతా ఈ రోజే రాసి, ఒకేసారి పంపిస్తారు. ఇన్ని అడుగులు ముందుకు పో, ఇంత తిరుగు, ఫలానా రాయి దగ్గర ఆగు, ఫోటో తియ్యి అని. అది తన పగటిపూట ఆ ప్రకారమే చేస్తుంది. ఏం జరిగిందో ఇక్కడివాళ్లకు తెలిసేది ఆ పని అంతా అయిపోయాకే.

నాయన మిషను ఆపి విన్నాడు. "అంటే అట్టలు కొట్టి పంపిస్తాండారన్నమాట" అన్నాడు.

ఆ మాట ఆ రోజే డైరీలో రాసుకున్నాను. నిజంగా అంతే. నాయన కొట్టిన అట్టలు హిందూపురంలో ఏ మగ్గం మీదో తిరుగుతున్నప్పుడు ఈయన ఇక్కడ మా ముందుగదిలో ఉంటాడు. పొరపాటు ఉంటే చీర మీద పడ్డాకే తెలుస్తుంది.

ఆ చిన్న బండి మూడు నెలలు కూడా పూర్తిగా పనిచేయలేదు. నేరుగా భూమితో మాట్లాడే శక్తి దానికి లేదు. దాన్ని మోసుకొచ్చిన పెట్టె ద్వారానే మాట్లాడాలి. ముందు ఆ పెట్టె మూగబోయింది. అప్పటికి బండి బాగానే ఉండి ఉండవచ్చు, కానీ ఆ సంగతి చెప్పేదారి లేదు. చాలా రోజులు నాకు అదే ఆలోచన. పెట్టె నుంచి మాట వస్తుందేమోనని దాని చుట్టూ తిరుగుతూ ఉండిందేమో అని. నాయన అప్పుడప్పుడు అడిగేవాడు, "మీ బండి మాట్లాడిందామ్మా?" అని. లేదు నాయనా అనేదాన్ని. ఆయన వేళాకోళానికి అడిగేవాడు కాదు.

తర్వాత నేను డిగ్రీకి హిందూపురం పోయాను. ధర్మవరం నుంచి ప్యాసింజరులో పొద్దున పోయి సాయంత్రం రావడం. హిందూపురంలో నాయనకు అన్నిటికంటే ఎక్కువ పని ఇచ్చేవాడు ఒక మేస్త్రీ. ఆయన షెడ్డులో ఏడెనిమిది మగ్గాలు ఆడేవి. కొట్టిన అట్టల మూటను ఆయనకు చేర్చడం, కొత్త గళ్ల కాగితం తీసుకురావడం నా పని అయింది. మూట గడపలో పెట్టేదాన్ని. ఆయన కాగితం ఇచ్చేవాడు. నేను తల ఊపి వచ్చేసేదాన్ని. మూడేళ్లలో మా ఇద్దరి మధ్య జరిగిన మాటలు అంతే.

స్టేషను దగ్గర ఒక నెట్ సెంటరు ఉండేది. ఒక అక్క నడిపేది కాబట్టి ధైర్యం చేసి లోపలికి పోయాను. అప్పటికే ఐరోపావాళ్లు అంగారకుడికి పంపిన దిగుడుపెట్టె ఒకటి రెండువేల మూడు క్రిస్మసు నాడు కిందికి దిగి, ఒక్క మాట కూడా పంపకుండా పోయింది. తర్వాతి నెలలో రెండు పెద్ద బండ్లు అంగారకుడికి ఆ పక్క ఒకటి, ఈ పక్క ఒకటి దిగాయి. మూడు నెలలు పనిచేస్తే చాలనుకున్నారు. మూడు నెలలు దాటినా అవి పోతూనే ఉన్నాయి. వారానికి ఒకసారి పోయి, అవి తీసిన ఫోటోలు చూసేదాన్ని. అక్క నా వెనక నిలబడి నవ్వేది.

"అందరూ వచ్చి రిజల్టులు చూస్తారు, సినిమావాళ్ల బొమ్మలు చూస్తారు. నువ్వేంది పాపా, డబ్బిచ్చి రాళ్లు చూస్తాండావు? రాళ్లు కావల్లంటే నీ దావలోనే ఉండే పెనుగొండ కొండ కాడ దిగరాదా?"

నేను నవ్వి ఊరుకునేదాన్ని. నిజానికి నన్ను పట్టింది రాళ్లు కావు. ఎవరూ పక్కన లేనిచోట, ఎప్పుడో చెప్పి పంపిన మాటను పట్టుకుని ఒక వస్తువు పని చేసుకుపోతుండడం.

రెండువేల నాలుగు చివరికి నాయన గళ్ల కాగితాన్ని కిటికీ పక్కకు జరుపుకున్నాడు. తర్వాత కిటికీ రెక్కలు ఊడదీయించాడు. గళ్లు ఇప్పుడు సన్నగా అచ్చేస్తున్నారని అన్నాడు. కాగితం మాత్రం ఎప్పుడూ వచ్చేదే. సంక్రాంతి పోయాక మేస్త్రీ ఫోను చేశాడు. పక్కింటివాళ్ల ఫోనులో ఆయన అరుపు నాయన పక్కన నిలబడిన నాకూ వినిపించింది.

"ఏమన్నా, అంచులో తీగ నడమ నడమ తెగిపోయి వస్తాండాది. నేసేవాడు రెండు దినాలు పనిలేక సుమ్నే కూర్చున్న్యాడు. ఇంగొక్కసారి ఇట్లయితే నేను బెంగుళూరికి పంపిస్తా. ఆడ కంప్యూటరే కొట్టిచ్చేస్తాది."

నాయన ఫోను పెట్టి వచ్చి, మిషనుకు నూనె వేశాడు. తప్పు మిషనుదన్నట్టు. అమ్మ కంటి డాక్టరు మాట ఎత్తితే, "నా కండ్లకేమైంది? నువ్వు ఆ మూలనుంటే నాకు కనపడతాండావు కదా" అన్నాడు.

"నేను గడి అంత ఉన్నానా?" అంది అమ్మ.

ఆయన నవ్వలేదు. ఇరవై ఐదేళ్లుగా ఆయనకు వచ్చిన పని అదొక్కటే. అది పోతే ఆయన చేతులు ఏం చేస్తాయో నేను ఊహించుకోలేకపోయాను.

అప్పుడు నేను ఒక ఉపాయం చేశాను. ఎవరికీ చెప్పలేదు. నాయన కొట్టిన అట్టలను హిందూపురం చేర్చేది నేనే కదా. గళ్ల కాగితానికి నకలు తీసి సంచిలో పెట్టుకునేదాన్ని. రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఒక్కొక్క అట్టనే వెలుగుకు పట్టి, నకలుతో పోల్చేదాన్ని. అక్కర్లేని చిల్లు ఉంటే కాగితం ముక్క అతికించేదాన్ని. ఉండాల్సిన చిల్లు లేకపోతే, ఇంట్లో సవరణలకని ఉండే చిన్న చేతిపంచుతో కొట్టేదాన్ని. పెనుగొండలో ఎక్స్‌ప్రెస్ కోసం ప్యాసింజరును ఆపేస్తారు. ఆ అరగంట నాకు బాగా కలిసొచ్చేది. ఒకసారి ఎదురుగా కూర్చున్న, శనక్కాయలు అమ్మే ఆమె అడిగింది, "ఏం పాపా, టికెట్లు కొట్టే ఉద్యోగమొచ్చిందా నీకు?" అని.

చేసిన ప్రతి సవరణనూ డైరీలో రాశాను. ఎన్నో అట్ట, ఎన్నో గడి, మూసినానా, కొట్టినానా. అట్లా రాసి పెట్టమని ఎవరూ చెప్పలేదు. రాయకపోతే నాకు పని పూర్తయినట్టు ఉండదు, అంతే.

ఆ మూడు నెలలూ వచ్చినవి సన్న తీగల డిజైన్లే, మేస్త్రీ నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు. నాయన మళ్లీ మీటల మీద వేళ్లు వేసి కూనిరాగం తీయడం మొదలుపెట్టాడు. నేను లోలోపల మురిసిపోయాను.

రెండువేల ఐదు ఏప్రిల్లో డిగ్రీ పరీక్షలు అయిపోయాయి. ఆ నెలలోనే మేస్త్రీ ఒక పెద్ద కొంగు డిజైను ఇచ్చాడు. కొంగు నిండా పెద్ద పెద్ద మామిడిపిందెలు, ఒక్కొక్కటి అరచేయంత. తొమ్మిది వందల అట్టలు. నాయన ఆ నెలంతా దానిమీదే కూర్చున్నాడు. ఆ మూటను తీసుకుని రైలెక్కి, అట్టలను వెలుగుకు పట్టి చూశాను. ఎక్కడ చూసినా చిల్లులు తప్పిపోయి ఉన్నాయి. కాగితం మీద పిందె కడుపంతా నిండుగా రంగు ఉంది. అట్టలో మాత్రం ఒకచోట ఒక గడి, ఇంకొకచోట ఒక గడి వదిలేసి ఉంది. తర్వాతి అట్టలో మరో రెండుచోట్ల. నాయన కండ్లు ఇంతగా పోయాయా అనుకున్నాను. ఒక్క ప్రయాణంలో పూర్తికాలేదు. అట్టలు ఇంకా కుట్టడం కాలేదని మేస్త్రీ గడపలో అబద్ధపు చీటీ పెట్టి, ఇంట్లో కాలేజీ పని ఉందని చెప్పి, మూడుసార్లు పోయి వచ్చి, వదిలేసిన ప్రతి చిల్లూ కొట్టాను. చేతిపంచుతో కొట్టీ కొట్టీ బొటనవేలు బొబ్బ లేచింది.

మే నెల నడుమ ఒక పొద్దున మేస్త్రీ తనే వచ్చాడు. భుజాన అట్టల మూట. మూటను మా గడపలో దించి, కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"ఏమన్నా, నాతో నీకేమన్నా పగ ఉండాదా?"

నాయన లేచి నిలబడ్డాడు. "కూర్చో. ఏమైందో చెప్పు."

"కూర్చునేదానికి రాలేదప్పా. పిందె లోపల జరీని అదిమిపెట్టే పట్టే లేదు. అంతా తేలిపోయింది. గాజు తగిలితే లేస్తాది, ఉంగరం తగిలితే లేస్తాది. కట్టుకున్నామె ఇంట్లో నుంచి గుడికి పొయ్యేలోపల కొంగంతా పీచు. నిండుగా ఉన్నచోట నడమ నడమ వదలల్లని చిన్నపిల్లోనికి గూడా తెలుసు. నువ్వు నాకు నేర్పిచ్చినావే ఆ సంగతి! ఇప్పుడు నువ్వే మర్చిపోతివా?"

నేను వంటింటి తలుపు వెనక ఉన్నాను. చేతిలో చాట కూడా లేదు.

నాయన మూట విప్పి, ఒక అట్ట తీసుకుని, వేళ్లతో తడిమాడు. ఒక చివర నుంచి ఇంకో చివరదాకా నెమ్మదిగా. ఇంకొక అట్ట. ఇంకొకటి. "వదిలినానే" అన్నాడు తనలో తాను. మళ్లీ తడిమాడు. అక్కడ చిల్లు ఉంది. చేతిపంచు చిల్లు, మిషను చిల్లు ఒకే సైజు. వేలికి తేడా తెలియదు.

"వదిలినాననుకున్నా" అన్నాడు. "తప్పు నాదేనప్పా. నువ్వు బెంగుళూరుకే పంపిచ్చుకో."

మేస్త్రీ ఆ జవాబు అనుకోలేదనుకుంటాను. ఎదురు మాట్లాడితే పోట్లాడడానికి వచ్చినవాడు. "కండ్లు సూపిచ్చుకో అన్నా" అని మెల్లగా అని పోయాడు. మూట గడపలోనే ఉంది.

ఆ సాయంత్రం నాయన మిషను మీద దుప్పటి కప్పాడు. కండ్లు తగ్గాయని ఆయనకు లోపల తెలుసు. కానీ వేళ్లను నమ్మాడు. ఏది వదలాలో, ఏది కొట్టాలో కండ్లతో పని లేకుండా చేతులకు తెలుసని నమ్మాడు. ఇప్పుడు ఆ నమ్మకం పోయింది. అన్నం తినేటప్పుడు కూడా చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకునేవాడు. ఆ చేయి తప్పు చేయలేదని తెలిసిన మనిషిని ఇంట్లో నేనొక్కదాన్నే. పది రోజులు నోరు విప్పలేదు. చెప్తే ఆయన కండ్ల సంగతి నాకు ముందే తెలుసని చెప్పాలి. ఆయన వెనక ఆయన పనిని దిద్దుతూ వచ్చానని చెప్పాలి. ఆ రెండోది ఎక్కువ అవమానమేమో అనిపించింది. ఆ పది రోజులు డైరీ కూడా రాయలేదు.

అంగారకుడి మీది ఆ రెండు బండ్లలో ఒకటి ఏప్రిల్ చివర్లో ఇసుకలో కూరుకుపోయిందని ఆ రోజుల్లోనే చదివాను. పత్రికలో నాలుగు వరసల వార్త. ఫలితాలు వచ్చాయేమో చూసుకుంటానని చెప్పి హిందూపురం పోయాను. ఫలితాలు రాలేదు. నెట్ సెంటరులో కూర్చుని, డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని, ఆ బండి సంగతి మొత్తం చదివాను.

ఆ నేల చాలా రోజులుగా చదునుగా, అలలు అలలుగా, ఒకేలాగా ఉండిందట. అలవాటు పడిపోయారు. ఆ రోజు, మధ్యలో ఆగి చూసుకోనవసరం లేదు, చెప్పినంత దూరం పోతూనే ఉండు అని ఆజ్ఞ రాసి పంపారు. బండి పోతూనే ఉంది. ఒక ఇసుక తిన్నె ఎక్కింది. చక్రాలు తిరిగాయి, బండి మాత్రం కదలలేదు. చక్రాలు తిరిగిన లెక్కే దానికి పోయిన దూరం. తాను పోతున్నాననుకుని, చెప్పినంతా తిప్పింది. తిప్పే కొద్దీ దిగిపోయింది. నాలుగు వరసల వార్తలో బండి కూరుకుపోయింది అని ఉంది. ఇక్కడ మాత్రం, దాన్ని చూసుకోకుండా పొమ్మన్నది తామేనని ఆ పని చేసేవాళ్లు ఒప్పుకున్నట్టు ఉంది. తప్పు ఎక్కడ జరిగిందో దాచకుండా ముందు పెట్టుకుని, అలాంటిదే ఇంకో బండిని ఇక్కడ ఇసుక కుప్పలో దింపి, ఎట్లా బయటికి తేవాలో రోజుల తరబడి ప్రయత్నం చేస్తున్నారు. తొందరపడి ఒక్క మాట కూడా పంపలేదు.

అక్క వచ్చి, "ఏం పాపా, ఫెయిలైనావా? ముఖం అట్ల పెట్టినావు?" అంది.

"ఇంగా రాలేదక్కా రిజల్టు" అన్నాను.

తిరుగు రైలు ఆ రోజు కూడా పెనుగొండలో ఆగింది. నేను చేసిందీ అదే కదా అనుకున్నాను. ఒక్కొక్క అట్టనే ఒళ్లో పెట్టుకుని చూశాను. మొత్తం కాగితం పరిచి చూడలేదు. ఎందుకు వదిలాడని ఆయన్ను అడగలేదు. చక్రం తిరిగితే చాలు, పోతున్నాననుకున్నాను. ఇసుకలో కూరుకుపోయింది మాత్రం నాయన.

ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా చెప్పేశాను. కూర్చుని ఉంటే చెప్పలేకపోయేదాన్ని.

"నాయనా, ఆ చిల్లులు నువ్వు కొట్టలేదు. నేను కొట్టినా."

ఆయనకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. రైలు, నకలు, చేతిపంచు, మూడు ప్రయాణాలు, అంతా. అమ్మ "ఓసి నీ..." అని ఆగిపోయింది. నాయన అడిగింది ఒకటే.

"యాడ యాడ కొట్టినావో గుర్తుండాదా?"

"రాసినా."

డైరీ తెచ్చాను. నేను రాసింది ఇంకొకరికి చదివి వినిపించడం నా జీవితంలో అదే మొదలు. గళ్ల కాగితాన్ని నేల మీద పరిచి, పెన్సిలు ఇచ్చి, నేను కొట్టిన ప్రతి గడి మీదా చుక్క పెట్టమన్నాడు. నేను చదువుతూ చుక్కలు పెడుతున్నాను, అమ్మ కాగితం ఎగరకుండా మూలలు పట్టుకుంది. నూట ఎనభై ఆరు చుక్కలు. సగం అయ్యేసరికే నాకు చెయ్యి ఆగింది. రైల్లో ఒక్కొక్క అట్టగా చూసినప్పుడు చెల్లాచెదురుగా కనిపించినవి, ఇక్కడ ఏటవాలు వరసలుగా కనిపించాయి. పిందె కడుపులో ఒక మూల నుంచి ఇంకో మూలకు, కొలిచి నాటినట్టు.

"అది జరీకి పట్టు" అన్నాడు నాయన. "డిజైను గీసినోడు ఎయ్యలేదు. నిండుగా రంగు పూసి ఇచ్చేసినాడు. నేను చేత్తోనే లెక్కేసుకుని వదిలినా. ఆ గడులే జరీని పట్టుకోని ఉండేది." తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "ఈ వరసల్లో పడకుండా బయటుండేవి ఎన్ని?"

లెక్కపెట్టాను. ఇంకోసారి లెక్కపెట్టాను.

"ఇరవై మూడు, నాయనా."

"అవి నావి" అన్నాడు. "అవి నాకు కనపడల్యా."

మా ఇంట్లో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. అమ్మ కాగితం మూలలు వదిలి, కొంగుతో ముఖం తుడుచుకుని లేచిపోయింది. నాయన చేతులు ముందుకు చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఈసారి తనవే అన్నట్టు.

మరుసటి రోజు ఇద్దరం హిందూపురం పోయాం. మేస్త్రీ షెడ్డులో మగ్గాలు ఆడుతున్నాయి. నాయన గడపలో నిలబడి, "చెప్పు" అన్నాడు నాతో. ఆయన చెప్తాడనుకుని వచ్చాను నేను. మగ్గాల చప్పుడులో నా గొంతు నాకే వినిపించలేదు. మేస్త్రీ చెయ్యెత్తి దగ్గరి రెండు మగ్గాలు ఆపించాడు. నేసేవాళ్లంతా నా వైపు తిరిగారు. గొంతు పెంచి అంతా చెప్పాను. మేస్త్రీ నోరు తెరుచుకుని విన్నాడు.

"అబ్బబ్బా, నీకు మాటలొస్తాయా పాపా! మూడేండ్లుగా వస్తాండావు, మూగబిడ్డ పాపం అనుకుంటి." నేసేవాళ్లు నవ్వారు. ఆయన కాగితం మీది చుక్కలను చాలాసేపు చూశాడు. "ఇది సరే. మరి ముందు తెగిపోయిన తీగ?"

"అది నాది" అన్నాడు నాయన. "నాకు చూపు తగ్గిందప్పా. దాసిపెట్టినా. ఈ పాప చదివితే నేను కొడతా. ఈ కొంగు మళ్లా కొట్టిస్తా. బాగలేకుంటే నువ్వు యాడికన్నా పంపిచ్చుకో."

మేస్త్రీ కాగితం మడిచి నాయన చేతికి కాక, నా చేతికి ఇచ్చాడు. "ఈసారి రైల్లో ఏం కొట్టొద్దు తల్లీ, నీకు దండం పెడతా" అన్నాడు.

పని ఒప్పుకున్నంత సులభంగా లేదు. రంగు ఉన్న గళ్లు ఎన్ని, ఖాళీ ఎన్ని అని నేను చదవాలి, ఆయన మీటలు నొక్కాలి. "మూడు కొట్టు, రెండు వదులు, ఐదు కొట్టు." నా గొంతు మిషను చప్పుడు మీదుగా వినిపించాలి. మొదటి రోజు ఆయన పదిసార్లు "గట్టిగా" అన్నాడు. నిండుగా రంగు ఉన్నచోట ఆయన ఆగి, "ఈడ ఎన్ని?" అని అడిగేవాడు. నేను లెక్క చెప్తే, ఎక్కడ వదలాలో చెప్పి, నాచేతనే కాగితం మీద చుక్క పెట్టించేవాడు. ఎందుకో కూడా చెప్పేవాడు. వదలాలని మేస్త్రీకి నేర్పినా, ఎక్కడ, ఎందుకు అన్న లెక్కలు ఇరవై ఐదేళ్లలో ఆయన ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లు లేరు.

జూను మొదట్లో పత్రికలో వచ్చింది. బండి ఇసుకలో నుంచి బయటపడింది. చక్రాలు ఎంతెంతో తిరిగితే రోజుకు వేలెడంత కదిలేదట. అయిదు వారాలు అట్లా తిప్పి తిప్పి తెచ్చారు. చదివి వినిపించాను.

"మరి ఇప్పుడు మళ్లా ఎట్ల తోలతారు దాన్ని?" అన్నాడు నాయన.

"కొంచెం దూరం పోయినాక ఆగి, నిజంగా కదిలినానా లేదా అని చూసుకోమని చెప్తారంట. కదలకుంటే ఆడనే నిలబడాలంట."

నాయన మీటల మీద వేళ్లు ఉంచాడు. "మనం కూడా ఇరవై అట్టలకొకసారి ఆగుదాం" అన్నాడు.

ఆ మాట తర్వాత మొదటి ఇరవై అయ్యాక ఆగాం. నేను అట్టలను కిటికీ వెలుగుకు పట్టి, కాగితంతో పోల్చుతున్నాను. నాయన స్టూలు మీద, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మార్కుల కోసం కూర్చున్న పిల్లవాడిలాగా కూర్చున్నాడు. పద్నాలుగో అట్టలో ఒక చిల్లు ఎక్కువ ఉంది. కాగితం మళ్లీ చూశాను. ఆ వరసలో ఐదు అని నేను చదివినచోట నాలుగే ఉన్నాయి.

"ఇది నేను తప్పు చదివినా నాయనా."

"ఎవరిదని అడిగినానా? అతికించు." మిషను వైపు తిరిగి, "తక్కినవి?" అన్నాడు.

"అన్నీ సరిగ్గానే ఉండాయి."

ఆయన వేళ్లను లుంగీకి తుడుచుకుని, మీటల మీద పెట్టాడు.

"చెప్పు" అన్నాడు.